గడ్డ పేరు తేలేదాకా

బెంగళూరులో నిమ్హాన్స్‌కు దగ్గర్లోనే కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. పొద్దున్నే ఓపీ చీటీల కోసం నిలబడ్డ వరసలో కన్నడంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. అనంతపురం, హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు ఉంటారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో స్కాన్ ఫిల్ములు, మడతలు నలిగిన రిపోర్టులు.

ఆ వరసలో ఒకామెను ఊహించుకుందాం. హిందూపురం దగ్గరి పల్లె. వయసు 44. ఎడమ రొమ్ములో ఉసిరికాయంత ఉన్న గడ్డ మూడు నెలల్లో నిమ్మకాయను మించింది. నొప్పి లేదు. ఊళ్లో డాక్టరు స్కాన్ చేయించమన్నారు. స్కాన్ చేసినవాళ్లు ముక్క పరీక్ష చేయించమన్నారు. ఆ రిపోర్టు చివరి వరసలో ఇలా ఉంది: ఫైబ్రోఎపిథీలియల్ లీజన్, ఫిల్లోడిస్ ట్యూమర్ కావచ్చు, గడ్డ మొత్తం తీసి చూడాలి. కొడుకు ఆ పేరు ఫోనులో కొట్టి చూశాడు. ఒకచోట ప్రమాదం లేని గడ్డ అని ఉంది, ఇంకోచోట సార్కోమా అని ఉంది. రెండూ నిజమే. ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేకుండా చేసింది అదే.

అలాంటి తల్లి, అలాంటి కొడుకు చదువుకోవడానికి ఇది రాస్తున్నాను. అరుదైన గడ్డకు పేరు ఎలా తేలుస్తారు, ఎందుకంత ఆలస్యమవుతుంది, ఆ మధ్యలో మనం ఏం అడగాలి, దేనికి తొందరపడకూడదు అన్నవే ఇందులో విషయాలు.

మొట్టమొదట ధైర్యం చెప్పే నిజం ఒకటి ఉంది. రొమ్ములో చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. వయసులో ఉన్న అమ్మాయిల్లో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఅడినోమా. వేలితో నొక్కితే జారిపోయే నున్నటి గడ్డ అది. నలభై చుట్టుపక్కల నీటి తిత్తులు ఎక్కువ. ఇక క్యాన్సర్ అని తేలిన వాటిలో కూడా నాలుగింట మూడు వంతుల దాకా పాలనాళాల కణాల నుంచి పుట్టే ఒకే రకం. మన ఆస్పత్రులు, మందులు, పథకాలు అన్నీ ఆ రకానికి బాగా అలవాటుపడ్డాయి. చిక్కంతా మిగిలిన చిన్న గుంపుతోనే. ఫిల్లోడిస్, మెటాప్లాస్టిక్ క్యాన్సర్, రొమ్ములోనే పుట్టే లింఫోమా, రక్తనాళాల నుంచి పుట్టే యాంజియోసార్కోమా లాంటివి ఒక్కొక్కటీ నూటికి ఒకటి, అంతకన్నా తక్కువ.

నూటికి ఒకటి అంటే వినడానికి చిన్న లెక్క. మొత్తం ఎంతో తెలిస్తే చిన్నది అనిపించదు. మన దేశంలో క్యాన్సర్ లెక్కలు జాతీయ స్థాయిలో పద్ధతిగా రాయడం 1982లో మూడు నగరాల్లో మొదలైంది: బొంబాయి, మద్రాసు, బెంగళూరు. బెంగళూరు లెక్క రాసే పని 1973లో పుట్టిన ఈ కిద్వాయ్ సంస్థదే. దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీలన్నిటి లెక్కలూ చేరే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కేంద్రం కూడా ఇప్పుడు బెంగళూరులోనే ఉంది. 2020లో అక్కడి నుంచి వెలువడిన నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో సుమారు 2 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ వస్తుందని అంచనా. వయసు తేడాలు సరిచేసి లెక్కిస్తే లక్ష మంది స్త్రీలకు హైదరాబాదులో 48, చెన్నైలో 42.2, బెంగళూరులో 40.5. అన్ని నగరాలకన్నా పైన ఉన్నది మన హైదరాబాదు. 2 లక్షల్లో నూటికి ఒకటి అనుకున్నా 2,000 మంది. వాళ్లంతా పెద్ద నగరాల్లో ఉండరు. చిన్న పట్టణంలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న పాథాలజిస్టుకు ఇలాంటి గడ్డ ఏళ్లకు ఒకసారి ఎదురుపడితే పడుతుంది. ఎప్పుడూ చూడని మొహాన్ని గుర్తుపట్టమంటే ఎంత కష్టమో ఇదీ అంతే.

అందుకే ఏ ఒక్క పరీక్ష మాటా ఒంటరిగా నమ్మకూడదన్న నియమం వచ్చింది. డాక్టర్లు దీన్ని ట్రిపుల్ అసెస్‌మెంట్ అంటారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే మూడు సాక్ష్యాలు: చేయి, బొమ్మ, ముక్క. డాక్టరు చేతితో చూసి ఏమనుకున్నారు, స్కాన్‌లో బొమ్మ ఎలా పడింది, సూదితో తీసిన ముక్కలో ఏం కనిపించింది. మూడూ ఒకే మాట చెబితే పేరు ఖాయం. ఒకటి అడ్డం తిరిగితే విచారణ ముగియనట్టే.

చేతి సాక్ష్యం దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. గడ్డ ఎంత వేగంగా పెరిగింది, గట్టిగా ఉందా, చర్మానికి అంటుకుందా, చంకలో బిళ్లలు తగులుతున్నాయా అని చూస్తారు. చనుమొన మీద మానని పొక్కు ఉంటే అది గజ్జి అనుకుని నెలల తరబడి పూతమందు రాసుకునేవాళ్లు ఉన్నారు. 1874లో జేమ్స్ ప్యాజెట్ అనే ఇంగ్లండు వైద్యుడు వర్ణించిన జబ్బుకు అదే గుర్తు, లోపల క్యాన్సర్ దాగి ఉండవచ్చు. ఒకే చనుమొనకు వచ్చిన గజ్జి కొన్ని వారాల్లో తగ్గకపోతే చర్మం ముక్క తీసి చూడాల్సిందే. మగవాళ్లకూ ఒక మాట. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్లది. సిగ్గుపడి దాచుకోవడం వల్ల కూడా వాళ్లది ఆలస్యంగా బయటపడుతుంది.

ఇక బొమ్మ. మామోగ్రామ్ అంటే రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రే. నొక్కేది కొన్ని క్షణాలే, నొప్పి కూడా అంతసేపే. దీని మూలాలు 1913 నాటివి. బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్ ఆపరేషన్‌లో తీసేసిన 3,000 రొమ్ములకు ఎక్స్‌రేలు తీసి, క్యాన్సర్ ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తుందో గమనించాడు. సున్నపు రవ్వల్లాంటి సన్నటి చుక్కలు పట్టుకోవడంలో మామోగ్రామ్‌కు సాటి లేదు. కాని వయసులో ఉన్న స్త్రీల రొమ్ము బిగువుగా ఉంటుంది. ఎక్స్‌రేలో ఆ బిగువంతా తెల్లగా పడుతుంది. గడ్డా తెల్లగానే పడుతుంది. సున్నం కొట్టిన గోడ మీద సున్నపు బొట్టును వెతికినట్టు ఉంటుంది. అందుకని నలభై లోపువాళ్లకు సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. గర్భిణులను స్కాన్ చేసే యంత్రమే అది, రేడియేషన్ లేదు.

అల్ట్రాసౌండ్‌లో మంచి గడ్డ అండాకారంగా, నున్నటి అంచుతో, చర్మానికి సమాంతరంగా పడుకున్నట్టు కనిపిస్తుంది. చెడ్డ గడ్డ సాధారణంగా అంచులు చిట్లి, కొన్నిసార్లు నిలువుగా, వెనక నీడ పడుతూ ఉంటుంది. సాధారణంగా అని ఎందుకన్నానంటే, అరుదైన గడ్డలు మోసం చేసేది ఇక్కడే. ఫిల్లోడిస్ అచ్చం ఫైబ్రోఅడినోమాలా నున్నగా, అండాకారంగా ఉంటుంది. లోపల చిన్న చిన్న చీలికల్లో నీరు నిలిచి నల్లటి గీతలుగా కనిపిస్తే అనుమానం వస్తుంది, కనిపించకపోతే లేదు. మెటాప్లాస్టిక్ క్యాన్సర్ వేగంగా పెరిగే ప్రమాదకరమైన రకం, అయినా గుండ్రంగా, శుభ్రమైన అంచుతో అమాయకంగా కూర్చుంటుంది. లింఫోమాదీ అదే తీరు. దీనికి పూర్తి తలకిందులు గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనే వాపు. అది క్యాన్సరే కాదు. అయినా గట్టిగా, అంచులు లేకుండా, చర్మాన్ని లోపలికి లాగి, చంకలో బిళ్లలు కట్టించి, ఎంతో అనుభవం ఉన్న రేడియాలజిస్టును కూడా భయపెడుతుంది.

రిపోర్టు అడుగున బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ తయారుచేసిన కొలమానం అది, ప్రపంచమంతా వాడుతోంది. ఇది గడ్డ పేరు చెప్పే అంకె కాదని గుర్తుపెట్టుకుంటే సగం భయం పోతుంది. తర్వాత ఏం చేయాలో చెప్పే అంకె ఇది. 1, 2 అంటే కంగారు లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2కు మించదు, ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. 4 అంటే ముక్క తీయాలి. అయితే ఆ 4లోనే నూటికి 2 నుంచి 95 దాకా అవకాశం ఇమిడి ఉంది, అందుకే 4ఎ, 4బి, 4సి అని విడదీస్తారు. 4ఎ అయితే 10 దాకా, 4బి అయితే 50 దాకా, ఆపైన 4సి. 5 అంటే నూటికి 95 లేదా అంతకన్నా ఎక్కువ. 6 అంటే ముక్క పరీక్షలో క్యాన్సర్ అని ముందే తేలింది. 0 చూసి ఏమీ లేదని సంబరపడేవాళ్లను చూశాను. 0 అంటే చూసింది సరిపోలేదు, ఇంకో స్కాన్ కావాలని అర్థం. మన హిందూపురం ఆమె రిపోర్టులో 4ఎ ఉంది. మూడు నెలల్లో అంత పెరగకపోయి ఉంటే 3 వేసేవారేమో. గడ్డ ఎప్పుడు కనిపించింది, ఎంత వేగంగా పెరిగిందో స్కాన్ చేసేవారికి నోరు విప్పి చెప్పడం అందుకే ముఖ్యం. ఆ మాటతో అంకె మారుతుంది.

ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. చేయించుకునేటప్పుడు చేతి నరంలోకి గడోలినియం మందు ఎక్కిస్తారు. రక్తప్రసరణ ఎక్కువగా ఉన్న చోటు వెలుగుతుంది. గడ్డ ఎంత మేర వ్యాపించింది, లోతున ఛాతీ కండను తాకిందా, రెండో రొమ్ములో ఏమైనా ఉందా అన్నవి తెలుస్తాయి. నెలసరి ఆగనివాళ్లకు, తొందర లేకపోతే, నెలసరి మొదలయ్యాక రెండో వారంలో చేస్తే బొమ్మ స్పష్టంగా వస్తుంది. పెట్ స్కాన్ గురించి చాలామంది అడుగుతారు. జబ్బు ఒంట్లో ఎక్కడెక్కడికి పాకిందో చూడడానికి అది పనికొస్తుంది, గడ్డకు పేరు పెట్టదు. వాపులో కూడా అది వెలుగుతుంది. సీఏ 15-3 లాంటి రక్తపరీక్షలూ పేరు చెప్పవు. ఒంటి వేడిని కెమెరాతో కొలిచే పద్ధతుల గురించి బెంగళూరులో మాట వినిపిస్తుంటుంది. వాటితో అనుమానం పుడితే మామోగ్రామ్‌కు, ముక్క పరీక్షకు రావాల్సిందే. గడ్డ చేతికి తగులుతుంటే వాటి కోసం ఆగకండి.

అన్ని బొమ్మలూ అనుమానం చెప్పగలవు, అంతవరకే. పేరు పెట్టేది ముక్క.

సూది పరీక్ష అనే ఒకే మాటతో మనవాళ్లు రెండు వేరు పరీక్షలను పిలుస్తారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటే సన్నటి సూదితో కొన్ని కణాలను పీల్చడం. చవక, అయిదు నిమిషాల పని. చంకలో బిళ్లలు చూడడానికి, నీటి తిత్తి ఖాళీ చేయడానికి బాగుంటుంది. రెండోది కోర్ బయాప్సీ, ఆస్పత్రుల్లో ట్రూకట్ అంటారు. దీనికి లావు సూది, ఎక్కువగా 14 గేజ్, వాడతారు. సన్నటి పురికొసంత ముక్కలు వస్తాయి. తేడా ఏమిటంటే, ఎఫ్‌ఎన్‌ఏసీలో గోడ నుంచి రాలిన ఇటుకలు దొరుకుతాయి, ట్రూకట్‌లో ఇటుకలు పేర్చిన తీరుతో సహా గోడ ముక్కే దొరుకుతుంది. మామూలు క్యాన్సర్‌ను విడి ఇటుకలతో గుర్తుపట్టవచ్చేమో గాని, ఫిల్లోడిస్‌కు, ఫైబ్రోఅడినోమాకు ఇటుకలు ఒకటే, పేర్పు వేరు. అందుకే అరుదైన గడ్డ అనుమానం ఉన్నచోట ఎఫ్‌ఎన్‌ఏసీ మీద ఆధారపడి ఆపరేషన్ నిర్ణయించడం సరి కాదు. మీ రిపోర్టు పైన ఎఫ్‌ఎన్‌ఏసీ అని మాత్రమే ఉంటే, ట్రూకట్ చేయరా అని అడగడం మీ హక్కు.

ట్రూకట్ గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది. బల్ల మీద పడుకోబెట్టి, చర్మం తుడిచి, మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. మంట ఆ ఒక్క క్షణమే. స్కాన్ తెర మీద గడ్డను చూస్తూ సూదిని లోపలికి పంపుతారు. మీట నొక్కగానే స్టేప్లర్ కొట్టినట్టు టక్‌మని శబ్దం వస్తుంది. ఆ శబ్దానికే చాలామంది ఉలిక్కిపడతారు, ముందే వినిపించమని అడగండి, వినిపిస్తారు. నాలుగైదు ముక్కలు తీస్తారు. పదిహేను, ఇరవై నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. కొన్ని రోజులు కమిలినట్టు ఉంటుంది. రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. గడ్డ చేతికి తగలకుండా మామోగ్రామ్‌లో చుక్కలుగా మాత్రమే కనిపిస్తే, ఎక్స్‌రే సాయంతో, వాక్యూమ్ సూదితో తీస్తారు. అలాంటిచోట నువ్వుగింజంత లోహపు గుర్తును లోపల వదిలిపెడతారు. రేపు ఆపరేషన్ చేసేవారికి దారి చూపేది అదే.

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న మాట మన ఊళ్లలో చాలా పాతది. సూది దారిలో కొన్ని కణాలు జారడం నిజంగానే జరుగుతుంది. కాని వాటిలో ఎక్కువ బతకవు. సూది పరీక్ష వల్ల రోగుల ఆయుష్షు తగ్గిందనడానికి ఆధారం లేదు. సర్జన్లు, రేడియేషన్ డాక్టర్లు ఆ సూది దారిని లెక్కలోకి తీసుకునే చికిత్స ప్లాను చేస్తారు. నిజంగా హాని చేసేది పేరు తెలియకుండా గడ్డను కోసేయడం. ముందు తీసేద్దాం, తర్వాత చూద్దాం అనే పద్ధతిలో చిన్న కోతతో గడ్డను తొలిచి తీసేస్తే, అది ఫిల్లోడిస్ అని తర్వాత తెలిస్తే, అంచులో ఏం మిగిలిందో ఎవరూ చెప్పలేరు. తిరిగి మొలవచ్చు, మరో ఆపరేషన్ పడవచ్చు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. చీము గడ్డలాంటి అత్యవసరం తప్పితే, ముక్క పరీక్ష లేకుండా రొమ్ము గడ్డ ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు.

తీసిన ముక్క ప్రయాణం గురించి ఎవరూ చెప్పరు, నిజానికి చాలా తప్పులు ఆ దారిలోనే జరుగుతాయి. ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేయాలి, గంట దాటకూడదు. అందులో కనీసం 6 గంటలు నానాలి, 72 గంటలు దాటకూడదు. తక్కువ నానినా, ఎక్కువ నానినా తర్వాతి పరీక్షలు తప్పుడు జవాబు ఇవ్వవచ్చు. చిన్న ఆస్పత్రుల్లో సీసా మన చేతికే ఇచ్చి ల్యాబుకు తీసుకెళ్లమంటారు. సీసాలో ఉన్నది ఫార్మలిన్ అవునా అని అడగండి. సెలైన్‌లోనో, మంచినీళ్లలోనో తెచ్చిన ముక్క కుళ్లిపోతుంది. మూత మీద పేరు, వయసు, ఎడమా కుడా అన్నది, తీసిన తేదీ, టైము రాయించండి. శనివారం సాయంత్రం తీసిన ముక్క సోమవారం దాకా ఇంట్లో ఉండకూడదు.

ల్యాబులో ఆ ముక్కను మైనంలో పోతపోసి చిన్న దిమ్మ చేస్తారు. అదే బ్లాక్. దాని నుంచి వెంట్రుక మందంలో పదో వంతు కన్నా పలుచని పొరలు కోసి, గాజు పలక మీద పరిచి, నీలం, గులాబి రంగులు వేస్తారు. అప్పుడు గడ్డ అసలు రూపం బయటపడుతుంది. 1838లో యోహానెస్ ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక గడ్డను కోసి చూస్తే లోపల ఆకులు మడిచి పెట్టినట్టు కనిపించింది. గ్రీకులో ఆకును సూచించే మాటతో దానికి ఫిల్లోడిస్ అని పేరు పెట్టాడు. సిస్టోసార్కోమా అని ముందు తగిలించాడు. ఆ ముందు మాట ఇప్పుడు వాడరు, కాని ఫోనులో ఇంకా దొరుకుతుంది. హిందూపురం ఆమె కొడుకును భయపెట్టింది అదే. చాలావరకు ఫిల్లోడిస్ గడ్డలు ప్రమాదం లేనివే.

ఏది ప్రమాదం, ఏది కాదు అన్నది లెక్కపెట్టి తేలుస్తారు. పెద్దగా చేసి చూసే కటకంతో పది చోట్ల చూసి, రెండుగా చీలుతున్న కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. 5 కన్నా తక్కువైతే మంచి రకం, 5 నుంచి 9 అయితే నడిమి రకం, 10 లేదా పైన అయితే చెడ్డ రకం. ఈ లెక్క ఒక్కటే కాదు, గడ్డ అంచు పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయిందా, మధ్యనున్న బంధన కణజాలం అతిగా పెరిగి నాళాలను మింగేసిందా అని కూడా చూస్తారు. చిక్కేమిటంటే ఫిల్లోడిస్ లోపల అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఒకే చెట్టుకు ఒక కొమ్మ పచ్చగా, ఒక కొమ్మ ఎండి ఉన్నట్టు, ఒక మూల మంచి రకం, ఇంకో మూల చెడ్డ రకం ఉండవచ్చు. పురికొసంత ముక్కలు నాలుగు చూసి నిమ్మకాయంత గడ్డ మీద తీర్పు చెప్పడం ఎలా? హిందూపురం ఆమె రిపోర్టులో పాథాలజిస్టు పేరు ఖాయం చేయకుండా మొత్తం తీసి చూడాలని రాసింది అందుకే. వాళ్లకు తెలియక అలా రాశారని బంధువులు అన్నారు. నేనైతే ఆ రిపోర్టును నమ్ముతాను. చేతిలో ఉన్న ఆధారం ఎంతవరకు మాట్లాడుతుందో అంతవరకే మాట్లాడిన రిపోర్టు అది.

రంగులతోనూ తేలకపోతే ఇమ్యునో పరీక్షలు చేస్తారు, ఐహెచ్‌సీ అంటారు. కణం మీద ఏ ముద్ర ఉందో వెతికే పని. మామూలు రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడూ చూస్తారు. అరుదైన వాటిలో ఇంకా లోతుకు వెళ్లాలి. చూడడానికి సార్కోమాలా ఉన్న గడ్డలో కెరాటిన్, పి63 ముద్రలు దొరికితే అది వేషం మార్చుకున్న మెటాప్లాస్టిక్ క్యాన్సర్. సీడీ20 దొరికితే లింఫోమా వైపు, సీడీ31 దొరికితే రక్తనాళాల గడ్డ వైపు దారి చూపుతుంది. ఒక్కో ముద్రకు విడిగా డబ్బు, విడిగా సమయం. వారంలో వస్తుందన్న రిపోర్టు మూడు వారాలైతే నిర్లక్ష్యం అని కోపం వస్తుంది. చాలాసార్లు ఒక ముద్ర జవాబు చూసి ఇంకో ముద్ర అడగడం వల్లనే ఆ ఆలస్యం.

ఇంత కష్టపడి పేరు ఎందుకు? పేరును బట్టి చికిత్స పూర్తిగా మారిపోతుంది గనుక. మామూలు క్యాన్సర్‌కు చంకలో బిళ్లలు పరీక్షిస్తారు. ఫిల్లోడిస్ చెడ్డ రకమైనా బిళ్లలకు పాకడం చాలా అరుదు, పాకితే రక్తం ద్వారా ఊపిరితిత్తులకు పోతుంది. అందుకని చంక కోయడం అవసరం ఉండదు, జీవితాంతం చేయి వాచే బాధా ఉండదు. లింఫోమాకు రొమ్ము తీసేయడం అసలు చికిత్సే కాదు, మందులు, రేడియేషన్‌తో నయమయ్యే జబ్బు అది. అడినాయిడ్ సిస్టిక్ అనే అరుదైన రకం ఉంది. ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేవని రిపోర్టు వస్తుంది. ట్రిపుల్ నెగటివ్ అనగానే అందరూ హడలిపోతారు. కాని ఇది నెమ్మదైన రకం, ఆపరేషన్ తర్వాత చాలామంది బాగుంటారు. పేరు సరిగ్గా రాయకపోతే ఆమెకు అక్కర్లేని కీమో పడుతుంది. మరో వైపు, రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న కొన్నేళ్ల తర్వాత ఆ చోట చర్మం మీద ఊదారంగు మచ్చ, కమిలిన గాయంలా కనిపిస్తే తేలిగ్గా తీసుకోకూడదు. యాంజియోసార్కోమా అలా మొదలవుతుంది, ముక్క తీయమని వెంటనే అడగాలి.

మన దేశంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. కాన్పయి, పాలిచ్చిన కొన్నేళ్లకు, ముప్ఫైల్లో ఉన్న స్త్రీలకు ఎక్కువ. 1972లో దీన్ని విడి జబ్బుగా గుర్తించారు. ముక్కలో గ్రాన్యులోమా అనే కణాల ముద్దలు కనిపిస్తాయి. అవే ముద్దలు టీబీలోనూ కనిపిస్తాయి. రొమ్ముకు టీబీ వస్తుందని ఆస్ట్లీ కూపర్ 1829లోనే రాశాడు, మన దగ్గర ఇప్పటికీ ఉంది. కాబట్టి ముక్కలో కొంత భాగాన్ని ఫార్మలిన్‌లో వేయకుండా విడిగా టీబీ క్రిమిని వెతికే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షకు, కల్చర్‌కు పంపాలి. ఫార్మలిన్‌లో పడ్డ క్రిమి మొలవదు. ఇది ముందే ఆలోచించకపోతే మళ్లీ సూది గుచ్చాలి. టీబీ కానిదానికి నెలల తరబడి టీబీ మందులు, క్యాన్సర్ కానిదానికి రొమ్ము కోత, రెండూ జరిగిన సంగతులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. రెండిటినీ ఆపగలిగేది జాగ్రత్తగా తీసిన ఒక ముక్క.

మూడు సాక్ష్యాలూ కలవనప్పుడు ఏం చేయాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. స్కాన్‌లో 5 అని, ముక్కలో ఏమీ లేదని వస్తే సంతోషించి ఇంటికి వెళ్లకూడదు. సూది పక్కకు జారి ఉండవచ్చు. మళ్లీ ముక్క తీయాలి, లేదా ఆ భాగం తీసి చూడాలి. పెద్ద కేంద్రాల్లో సర్జన్, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, మందుల డాక్టరు ఒకచోట కూర్చుని ఒక్కో కేసూ చూసే సమావేశం ఉంటుంది, ట్యూమర్ బోర్డు అంటారు. మా కేసు బోర్డులో పెట్టారా, బొమ్మ, ముక్క కలిశాయా అని అడిగితే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు.

హిందూపురం ఆమె కథ ఎలా ముగుస్తుందో ఊహించడం కష్టం కాదు. స్లైడ్లు మరో పాథాలజిస్టు చూస్తారు. గడ్డను చుట్టూ కొంత మంచి భాగంతో కలిపి తీస్తారు. మొత్తం గడ్డను అంగుళం అంగుళం కోసి చూసి, అప్పుడు రకం రాస్తారు. మంచి రకమే అయితే కీమో లేదు, రేడియేషన్ లేదు. కాని అదే చోట మళ్లీ రావచ్చు కాబట్టి కొన్నేళ్లు చూపించుకుంటూ ఉండాలి.

ఊరు దాటి పెద్దాస్పత్రికి బయల్దేరేవాళ్లు రిపోర్టు కాగితాలు మాత్రమే తీసుకొస్తారు. అక్కడ డాక్టరు మొదట అడిగేది బ్లాకులు ఏవని. వాటి కోసం మళ్లీ ఊరెళ్లి రావాలి, రెండు రోజులు, రెండు బస్సు చార్జీలు. అవి లేకపోతే మళ్లీ సూది. బయల్దేరే ముందే ముక్క పరీక్ష చేసిన ల్యాబుకు వెళ్లి, మైనపు బ్లాకులు, గాజు స్లైడ్లు కావాలని ఒక చీటీ రాసి ఇవ్వండి. సంతకం పెట్టించుకుని ఇస్తారు. స్కాన్‌ల రిపోర్టులతో పాటు ఫిల్ములు, సీడీలు కూడా పెట్టుకోండి. బ్లాకులను ఎండలో, బస్సు ఇంజన్ పక్కన పెట్టకండి, వేడికి మైనం కరుగుతుంది.